జీపుకొచ్చిన వణుకు

మావారు మోజుపడి పాత జీపును ఎత్తు చేయించారు. వేగం అందుకుందా, స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఒళ్లో పిల్లాడు, నా ప్రాణాలు గుప్పిట్లో!

ఈ జబ్బు పాతదేనండీ. ముందు చక్రాలు రెండింటికీ ఒకటే ఇరుసైతే, ఒకే కాడికి కట్టిన ఎడ్లలా, ఒకటి తుళ్లితే రెండోదీ అదురుతుంది. 1934లో జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో ఆ జోడీని విడదీసింది. 1941లో సైన్యంలో చేరిన విల్లీస్ జీపు మాత్రం మొండిగా ఒంటి ఇరుసుతోనే వచ్చింది.

చక్రాలు సరిచేయించినా వణుకు పోలేదు. చివరికో ముసలి మేస్త్రీ నన్ను స్టీరింగు అటూ ఇటూ ఆడించమని జీపు కిందికి దూరాడు. కీళ్లు గట్టిగానే ఉన్నాయిట.

"ఎత్తు చేసినప్పుడు ఇరుసు ముందుకు తిరిగిందమ్మా. సైకిలు ఫోర్కుకి ఉన్నట్టు వెనక్కి వాలుండాలి, లేకపోతే చక్రం తిన్నగా నిలవదు" అన్నాడు. స్ప్రింగుకీ ఇరుసుకీ మధ్య ఏటవాలు ఇనప బిళ్లలు పెట్టాడు. వణుకు పోయింది.

మావారేమో ఇప్పుడు పెద్ద టైర్లు వేయిద్దామంటున్నారు!