సూర్యుడి కూర్పు: గీతల నుంచి లెక్కల దాకా

నక్షత్రాల్లో ఏ పదార్థాలున్నాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కామ్ట్ తేల్చేశాడు. జవాబుకు దారి అప్పటికే దొరికింది. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఆ రంగుల పట్టీలో 500కు పైగా నల్లగీతలు గుర్తించాడు. 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ వాటి గుట్టు విప్పారు. మంటలో వేసిన ఉప్పు పసుపు గీత చూపే చోటే సూర్యకాంతిలో నల్లగీత ఉంది. అంటే సూర్యుడిలో సోడియం ఉందన్నమాట!

తర్వాతి ఘట్టం మన నేల మీదే నడిచింది. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. పసుపు గీత సోడియం గీత చోటనే, లేదా దానికి దగ్గరగా ఉందని పాగ్సన్ నమోదు చేశాడు. ఆ కాస్త తేడాలోనే కొత్త మూలకం దాగి ఉంది. అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ గ్రహణంతో పని లేకుండానే ఆ గీతను పట్టుకున్నాడు. అది సోడియంది కాదు, హీలియంది. భూమి మీద రసాయన శాస్త్రవేత్త రామ్సేకు అది దొరికింది 1895లో. ఈ కథలో గుంటూరును తలచుకునేవాళ్లు మచిలీపట్నాన్ని మరవడం అన్యాయం.

ఏమున్నదో తెలిసినంత మాత్రాన ఎంతున్నదో తెలియదు. సూర్యకాంతిలో ఇనుము గీతలు కోకొల్లలు. అందుకే సూర్యుడి కూర్పు కూడా భూమిలాంటిదేనని పెద్దలు నమ్మారు. 1925లో హార్వర్డ్‌లో పాతికేళ్ల సిసీలియా పేన్ ఆ నమ్మకాన్ని కదిలించింది. ఆమెకు ఆధారం మన మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణం. సూర్యుడి ఉపరితలం మీది సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో దృశ్యకాంతిని పీల్చే స్థితికి చేరే హైడ్రోజన్ పరమాణువులు అతికొద్ది. అయినా గీతలు అంత స్పష్టంగా ఉన్నాయంటే, హైడ్రోజన్ లోహాల కన్నా దాదాపు పది లక్షల రెట్లు ఉండాలి. అసాధ్యమన్నాడు ప్రిన్స్‌టన్ పెద్దాయన రసెల్. తన ఫలితం బహుశా నిజం కాదని ఆమె సిద్ధాంత గ్రంథంలో తన చేత్తోనే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్లకు రసెల్ మరో దారిన అక్కడికే చేరి, ఆమె లెక్కను ఒప్పుకున్నాడు. ఖగోళశాస్త్రంలో పేన్ సిద్ధాంత గ్రంథం కన్నా గొప్పది లేదని నా అభిప్రాయం.

నేటి లెక్కలో సూర్యుడి ఉపరితల ద్రవ్యరాశిలో హైడ్రోజన్ సుమారు 74 శాతం, హీలియం 25 శాతం. మిగిలిన ఆ కాస్త దగ్గరే పేచీ. 2009లో ఆస్‌ప్లండ్ బృందం దాన్ని 1.34 శాతానికి తగ్గిస్తే, సూర్యుడి కంపనాలు చెప్పే లెక్కతో పొసగలేదు. 2022లో మరో బృందం మళ్లీ పెంచింది. ఆ మిగిలిన దానిలో ఆక్సిజన్ ఎంతన్న తగాదా ఇంకా తెగలేదు.