తలా నూట ఎనభై నాలుగున్నర ఫ్రాంకులు

ఇంప్రెషనిస్టుల కథ చెప్పమంటే అందరం ఒకేచోట మొదలుపెడతాం. 1874లో పారిస్‌లో ఒక విమర్శకుడు వాళ్ళని ‘ఇంప్రెషనిస్టులు’ అని వెక్కిరించాడు, వాళ్ళు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు, చివరికి లోకం వాళ్ళ వైపు తిరిగింది. బావుంటుంది. కొత్తగా రాస్తున్నవాళ్ళని ఎవరైనా చీల్చి చెండాడితే ఓదార్చడానికి కూడా పనికొస్తుంది. నా పేచీ ఒక్కటే. ఈ కథలో విమర్శించేవాడు ఎప్పుడూ బయటివాడే, ఎప్పుడూ మూర్ఖుడే. ఆ బృందాన్ని నిజంగా కుదిపేసిన విమర్శ స్నేహితులు చేసింది.

ముందు ఆ సంఘం సంగతి చూద్దాం. ఆ రోజుల్లో బొమ్మ అమ్ముడుపోవాలంటే ‘సలోన్’ అనే అధికారిక వార్షిక ప్రదర్శనలో వేలాడాలి. అక్కడ జ్యూరీ వద్దంటే ఆ ఏడాది సంపాదన పోయినట్టే. ఆ బాధ పడలేక 1873 డిసెంబర్ 27న మోనే, పిస్సారో, రెన్వా, డెగా, సిస్లే, బెర్త్ మొరిసో తదితరులు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని ఫ్రెంచి పేరులో ‘అనోనీమ్’ అన్న మాట చూసి చాలామంది అదేదో రహస్య సంఘం అనుకుంటారు. అంత కవిత్వం ఏమీ లేదు. వాటాదార్లు చందాలేసుకున్న కంపెనీ అని మాత్రమే దానర్థం. ఏడాదికి 60 ఫ్రాంకుల చందా, బొమ్మ అమ్ముడైతే పదో వంతు సంఘానికి. నియమావళికి నమూనాగా పిస్సారో తమ ఊరి రొట్టెలవాళ్ళ సంఘం బైలాస్ పట్టుకొచ్చాడు. అన్ని రూల్సా అని రెన్వా విసుక్కున్నాడు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులకి వెళ్ళినవాళ్ళకి రెన్వా బాధ తెలుస్తుంది.

ఒక రూలు మాత్రం నాకు భలే నచ్చింది. బొమ్మల్ని సైజు ప్రకారం విడదీసి, ఆ తర్వాత ఏది ఎక్కడ వేలాడాలో చీటీలు తీసి తేల్చాలన్నారు. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇది వెంటనే అర్థమైంది. పక్షపాతం రాకూడదంటే మనిషి చేతిలోంచి నిర్ణయాన్ని లాగేసుకోవాలి.

కానీ సభ్యులెవరన్నది చీటీలతో తేలేది కాదు. జనం మరీ బెదిరిపోకుండా కాస్త పరువున్న సలోన్ చిత్రకారులు కూడా ఉండాలని డెగా పట్టు. సెజాన్‌ని చేర్చుకోవద్దని కూడా అన్నాడు. పిస్సారో వినలేదు. చివరికి ముప్ఫైమంది దాకా తేలారు.

1874 ఏప్రిల్ 15 నుంచి మే 15 దాకా, కాపుసీన్ వీధి 35వ నెంబరులో, ఫోటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో ప్రదర్శన జరిగింది. టికెట్ ఒక ఫ్రాంకు. పగలు రాలేనివాళ్ళ కోసం రాత్రి ఎనిమిది నుంచి పదింటి దాకా కూడా తెరిచారు. మొదటిరోజు 175 మంది వచ్చారు, ఆఖరిరోజు 54 మంది. మొత్తం మీద మూడున్నర వేలు. లూయీ లెర్వా ‘ల షారివారీ’లో రాసిన వెక్కిరింత ఏప్రిల్ 25న వచ్చింది. సరిగ్గా నాలుగు రోజులకి కాస్తన్యారి అనే విమర్శకుడు అదే మాటని మెచ్చుకోలుగా వాడాడు! ఈ సంగతి మన కథలో ఉండదు, ఎందుకంటే ఇది చెబితే కథ రుచి తగ్గిపోతుంది.

డిసెంబర్‌లో లెక్కలు చూస్తే ఒక్కో సభ్యుడి మీద 184 ఫ్రాంకుల 50 సెంటీముల బాకీ తేలింది. సంఘం మూసేశారు.

మనుషులు మాత్రం విడిపోలేదు. 1876లో మళ్ళీ ప్రదర్శన పెట్టారు. ‘ల ఫిగారో’లో ఆల్బర్ట్ వుల్ఫ్ వాళ్ళని పిచ్చివాళ్ళ కింద జమకట్టి, అందులో ఒక ఆడమనిషి కూడా ఉందన్నాడు. ఆమె భర్త ద్వంద్వయుద్ధానికి బయల్దేరబోతే ఆపాల్సొచ్చింది. ద్యురాంతీ ‘కొత్త చిత్రకళ’ని సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. 1877లో రెన్వా స్నేహితుడు రివియేర్ ఏకంగా ‘లింప్రెషనిస్త్’ అని పత్రికే నడిపాడు, నాలుగు సంచికలు. ఇవన్నీ తేలికైన జవాబులు. తిట్టేవాడు గుమ్మం అవతల ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళందరూ ఒకటే.

స్నేహితుల విమర్శ వేరు. మొదటి ప్రదర్శనకి ముందే దురే అనే విమర్శకుడు పిస్సారోకి ఉత్తరం రాశాడు: సలోన్‌కి వెళ్ళు, జనం వచ్చేది అక్కడికే. మానే వాళ్ళందరికీ ఆప్తుడు, కానీ ఒక్క ప్రదర్శనలోనూ బొమ్మ పెట్టలేదు. 1880లో జోలా, అంతకాలం వీళ్ళ తరఫున రాసినవాడు, ఈ విడి ప్రదర్శనలు వదిలేసి సలోన్‌లోనే పోరాడమన్నాడు. వీళ్ళలో ఇంకా మహాకళాకారుడు పుట్టలేదనీ అన్నాడు. దీనికి ద్వంద్వయుద్ధం పనికిరాదు కదా.

డెగా దగ్గర జవాబుంది. సలోన్‌కి బొమ్మ పంపినవాడు మనతో ప్రదర్శించడానికి వీల్లేదన్నాడు. 1879లో రెన్వా సలోన్‌కే వెళ్ళాడు, శార్పాంతియే గారి భార్య, పిల్లల బొమ్మతో అక్కడ పేరు కొట్టేశాడు. సిస్లే కూడా పంపాడు, జ్యూరీ తిప్పికొట్టింది. మరుసటేడు మోనే వెళ్ళాడు. పోతూ పోతూ, దారినపోయే ప్రతి రంగులవాడికీ సంఘం తలుపులు తెరిచేశారని ఒక పత్రికతో అన్నాడు. ఎవరి గురించన్నది అందరికీ తెలుసు. డెగా ఒకపక్క రెన్వా లాంటివాళ్ళు పోయే రూలు పెట్టి, ఇంకోపక్క రఫాయెల్లీ లాంటి తన మనుషుల్ని తెచ్చి గోడలు నింపుతున్నాడు.

1881 జనవరిలో కైబోత్ ఈ మాటే పిస్సారోకి సూటిగా రాశాడు. కైబోత్ మాటకి విలువుంది. 1877 ప్రదర్శన నడిపించింది అతనే, స్నేహితులు పస్తులుండకుండా బొమ్మలు కొన్నదీ అతనే. డెగాని వదిలేద్దాం, బాగా వేసేవాళ్ళం మాత్రమే కలిసి పెడదాం అన్నాడు. పిస్సారో ఒప్పుకోలేదు. డెగా మొండిమనిషే, కానీ మేరీ కసాట్‌ని తెచ్చింది అతను, నిన్ను తెచ్చింది కూడా అతనే అని గుర్తుచేశాడు. ఆ ఏడు కైబోత్ పాల్గొనలేదు.

బొమ్మల నాణ్యత గురించి కైబోత్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా నేను పిస్సారో పక్షమే. మంచివాళ్ళం మాత్రమే అని గీత గీసే అధికారం ఒకడి చేతికి వచ్చాక అది ఇంకో జ్యూరీ. 1874లో ఆ గీత గీసుంటే మొదట బయట నిలబడేవాడు సెజాన్. తలుపు తెరిచుంచితే నష్టం లేదని కాదు. ఆ ఎనిమిది ప్రదర్శనల కేటలాగుల్లో ఇవాళ ఎవరికీ గుర్తులేని పేర్లు బోలెడు. ఆ పేర్లు కూడా ఆ తలుపు ఖరీదులో భాగమే అనుకుంటాను.

ఎనిమిదోది 1886లో జరిగింది. మోనే, రెన్వా, సిస్లే లేరు. ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టినవాడు పిస్సారో ఒక్కడే. ఈసారి అతను సరా, సిన్యాక్ అనే ఇద్దరు కుర్రాళ్ళని తీసుకొచ్చాడు. మళ్ళీ గొడవ, మళ్ళీ అదే విమర్శ, వీళ్ళు మనవాళ్ళు కారని. ఆ ఇద్దరూ అప్పటికి రెండేళ్ళ కిందటే, 1884లో, ఇంకొందరితో కలిసి ‘ఇండిపెండెంట్ల’ సంఘం పెట్టుకుని ఉన్నారు. జ్యూరీ ఉండదు, బహుమతులుండవు. అది ఇప్పటికీ నడుస్తోంది. పిస్సారో వాదించి వాదించి చివరికి సరా ‘గ్రాండ్ జాట్’ని వేరే గదిలో వేలాడదీయించాడు. తన బొమ్మలూ, కొడుకు లూసియెన్ బొమ్మలూ కూడా ఆ గదిలోనే పెట్టాడు.