మాను కొట్టే పని: బాగేపల్లి సీమలో పనిముట్ల చరిత్ర

కర్ణాటకలోని బాగేపల్లి, గుడిబండ, చింతామణి తాలూకాలు దట్టమైన అడవులకు పేరుపడ్డ నేల కాదు. ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. నందికొండల వైపు నుంచి వచ్చే చిత్రావతి కూడా వానాకాలపు ఏరే. ఇటువంటి చోట బతికిన మాను విలువ దాని దుంగలో కన్నా అది ఏటేటా ఇచ్చే ఆకులో, మండలో, కాయలో ఎక్కువ. అందుకే ఇక్కడి రైతులు, గొర్రెలకాపరులు మానును కూల్చడం కన్నా కొమ్మ కోసి మళ్ళీ చిగురింపజేసుకోవడమే ముందుగా నేర్చుకున్నారు.

కానుగ ఇందుకు మంచి ఉదాహరణ. చెరువు కింది మడిలో వరి నాటే ముందు గట్ల మీది కానుగ మండలు నరికి, బురదలో తొక్కి, కుళ్ళబెట్టేవారు. రసాయన ఎరువులు రాకముందు మడికి బలమిచ్చిన వాటిలో ఈ ఆకు ఎరువు ముఖ్యమైనది. ఏటా తల నరికినా కానుగ చావదు. కోసిన చోట గుత్తులుగా చిగురేస్తుంది. మేకలకు మేత కోసే పని మరో రకం. వెదురుగడ చివర చిన్న కొడవలి కట్టిన దోటితో కాపరి కింద నిలబడే తుమ్మ, రావి, మర్రి రెమ్మలను లాగి కోస్తాడు. దోటి అందినంత వరకే కోత. మాను ఎక్కనవసరం లేని ఈ పనిముట్టు మానుకు కూడా మేలు చేసింది: లావు కొమ్మలను తెంచే శక్తి దానికి లేదు.

చింతమాను దగ్గర పని ఎత్తు మీద జరుగుతుంది. కాయ పండాక, జనవరి నుంచి మార్చి దాకా, మనుషులు పైకెక్కి కొమ్మలు కుదిపి, గడలతో కాయలు రాలుస్తారు. కింద ఆడవాళ్ళు ఏరుతారు. రోడ్డు పక్క మాన్ల కాయను వేలంలో గుత్తకు పాడుకోవడం పాత పద్ధతి. గుత్తదారుకు వచ్చే ఏడు కాయతో సంబంధం లేదు కనుక కొమ్మలు విరిగినా పట్టించుకోకపోవడం ఈ పద్ధతిలో పెద్ద లోపం. అయినా చింత గట్టి మాను. దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపులో మాన్లు లోపల డొల్లబడి కూడా చుట్టూ కొత్త బెరడు పెంచుకుని నిలిచాయి. ఆ తోపును 2007లో దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు.

నిలువు మానును కూల్చవలసి వచ్చినప్పుడు గొడ్డలి, గునపం, మోకు మూడూ కావాలి. కట్టెల కోసం కూల్చే మానును మొదలు దగ్గర నరకరు. చుట్టూ గునపంతో తవ్వి, పక్కవేళ్ళను ఒక్కొక్కటిగా గొడ్డలితో తెంచి, తలకు కట్టిన మోకును అందరూ ఒక్కసారిగా లాగుతారు. వేళ్ళతో సహా కూలితే వేరుకట్టె కూడా దక్కుతుంది, నేల కూడా సాగుకు వస్తుంది. కలపకైతే నరుకుడు పద్ధతి వేరు. పడవలసిన వైపు ముందుగా లోతైన గాటు పెట్టి, వెనుక వైపు నుంచి కాస్త పైన నరుకుతూ వస్తారు. రెండు గాట్ల మధ్య మిగిలిన కొయ్య విరగకుండా వంగి, మానును అనుకున్న దిక్కుకు దించుతుంది. ఈ మధ్య కొయ్యను పూర్తిగా తెంచితే మాను ఎటు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. యంత్రాలు వచ్చాక కూడా ఈ ఒక్క సూత్రం మారలేదు.

దుంగను పలకలుగా కోసేది ఇద్దరు మనుషుల రంపం. గుంట మీద అడ్డంగా పరచిన దుంగపై ఒకడు, గుంటలో ఒకడు నిలబడతారు. బొగ్గునీళ్ళలో ముంచిన దారాన్ని బిగించి కొట్టి గీత పెడతారు. పైవాడు గీత చూసుకుంటాడు, కిందివాడి కళ్ళలో పొట్టు పడుతుంది. రంపపు పళ్ళను ఆకురాయితో రాకి, ఒకటి ఎడమకు ఒకటి కుడికి కాస్త వంచకపోతే రంపం దుంగలో ఇరుక్కుంటుంది. చేవ నిండిన చింతలోనూ తుమ్మలోనూ రోజుకు చాలాసార్లు పదును పెట్టక తప్పదు. గానుగకు చింత, బండిచక్రానికీ నాగలికీ తుమ్మ, ఇంటికప్పుకు వేప దూలాలు ఈ రంపం కిందికే వచ్చేవి. మోసుకుపోయేది ఎద్దులబండి. బండి ఎత్తగలిగినంత పొడవుకే దుంగను ముక్కలు చేసేవారు కనుక, ఊరి ఇళ్ళ వాసాల పొడవును కూడా కొంతవరకు బండే నిర్ణయించింది.

ఈ ప్రాంతపు చెట్టుకోతను పూర్తిగా మార్చింది నీలగిరి. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ ఆస్ట్రేలియా విత్తనం తెప్పించి నందికొండ మీద నాటించాడని అటవీ గ్రంథాలు చెబుతాయి. ఆ కొండ మీది చెట్ల సంతతే తరువాత మైసూరు హైబ్రిడ్ పేరుతో దేశమంతా పాకింది. 1980 దశకంలో సామాజిక అడవుల పథకం కింద నారు విరివిగా అందడంతో అప్పటి కోలారు జిల్లాలో రాగి, వేరుశనగ పండిన మెట్టచేలు చాలావరకు నీలగిరి తోటలయ్యాయి. కూలీల ఖర్చు తక్కువ, మేక ముట్టదు, గుజ్జు మిల్లుల గిరాకీ ఉంది. పైగా కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976లో వచ్చినప్పటి నుంచి సొంత నేలలోని మానును కొట్టాలన్నా వృక్షాధికారి అనుమతి కావాలి. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్ వంటి కొన్నింటికి ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. అనుమతి అక్కర్లేని చెట్టు వైపు రైతు మొగ్గడం సహజం.

నీలగిరి కోతలో పాత కానుగ విద్యే మరో రూపంలో తిరిగి వచ్చింది. నాటిన ఏడెనిమిదేళ్ళకు మొదటి కోత. మొద్దును నేలకు జానెడు ఎత్తులోపే, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. బెరడు చీలితే చిగురు సరిగా రాదు. మొద్దు చుట్టూ లేచిన చిగుళ్ళలో రెండో మూడో బలమైనవి ఉంచి మిగతావి తీసేస్తే అయిదారేళ్ళకు మళ్ళీ కోత వస్తుంది. కోసిన రోజునే, పచ్చి ఆరకముందే బెరడు ఒలవాలి. ఆలస్యమైతే అది కొయ్యకు అతుక్కుపోతుంది. లావు దుంగలు మిల్లుకు, సన్నవి బెంగళూరు కట్టడాలకు సెంట్రింగ్ కర్రలుగా లారీల్లో వెళ్ళాయి. ఎద్దులబండి కాలం ఇక్కడితో ముగిసింది. లారీ రోడ్డు మీద ఆగుతుంది; చేను నుంచి అక్కడిదాకా ట్రాక్టర్ ట్రాలీ మోస్తుంది.

ఇదే కాలపు పని చెయిన్ రంపాన్ని ఊళ్ళలోకి తెచ్చింది. దాని పుట్టుక శస్త్రచికిత్సతో ముడిపడి ఉంది: 1830లో బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ వైద్యుడు ఎముక కోయడానికి చేతితో తిప్పే గొలుసు రంపం తయారు చేశాడు. చెట్లకు వాడే కరెంటు రంపాన్ని 1926లో ఆండ్రియాస్ స్టీల్ రూపొందించాడు. ఒక్క మనిషి మోయగల పెట్రోలు రంపాలు 1950 దశకంలో వ్యాపించాయి. అమెరికాలో జోసెఫ్ కాక్స్ కొయ్యను తొలిచే పురుగు దవడలు రెండు పక్కలకూ కొరకడం చూసి, 1940లలో గొలుసు పళ్ళను ఆ తీరుగా మలిచాడు. ఇప్పటి గొలుసులన్నీ ఆ దారివే.

చెయిన్ రంపం గొడ్డలి రోజంతా చేసే పనిని నిమిషాలకు కుదించింది, ప్రమాదాన్ని కూడా మార్చింది. గొలుసు తిరిగే బద్ద కొన పైభాగం కొయ్యకు తగిలితే రంపం ఒక్కసారిగా కోసేవాడి ముఖం వైపు ఎగురుతుంది. దాన్ని ఆపే చెయిన్ బ్రేకు, గొలుసును తన పోగులతో బిగించి ఆపేసే ప్యాంటు, హెల్మెట్, చెవిమూతలు ఉన్నాయి. పల్లెల్లో చాలామంది ఇవేవీ లేకుండా, చెప్పులతోనే పని చేస్తారు. కొమ్మ మీద నిలబడి ఒంటిచేత్తో రంపం నడపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పైకెక్కేవాడి నడుముకు మోకు, రంపానికి వేరే తాడు కట్టడం ఖర్చుతో కూడినది కాదు. ఈతమాను ఎక్కే గీతకార్మికులు మోకు లేకుండా ఏనాడూ పైకి పోలేదు.

మామిడి తోటల్లో కోత నేర్పు మరో మెట్టుకు చేరింది. చింతామణి, దాని పొరుగున ఉన్న శ్రీనివాసపురం పెద్ద మామిడి ప్రాంతాలు. కాయ తెంపాక నడిమి కొమ్మలు తీసి లోపలికి ఎండ పడేలా చేయడం ఏటా చేసే పని. ముదిరి కాపు తగ్గిన చెట్టును శీతాకాలంలో ముఖ్య కొమ్మల దాకా తెగ్గోసి కొత్త తల పెంచుతారు. కోసిన చోట బోర్డో ముద్ద, అంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు కలిపి పూస్తారు. అప్పుడు కాండం తొలిచే పురుగును కనిపెట్టి తీయకపోతే చెట్టే చస్తుంది. శిడ్లఘట్ట వైపు మల్బరీని పొదగా కాక చెట్టుగా పెంచేవాళ్ళు కూడా ప్రతి పట్టుపంటకూ కొమ్మలన్నీ కోసి మళ్ళీ చిగురు రాబడతారు.

లావు కొమ్మ కోతకు ఇప్పుడు ఒప్పుకున్న పద్ధతి మూడు కోతలది. కాండానికి అడుగు దూరంలో ముందు కింది వైపు నుంచి, తరువాత కాస్త ఆవల పైనుంచి కోసి బరువు దించాలి. అప్పుడు మిగిలిన మోడును కొమ్మ మొదట్లోని ఉబ్బుకు వెలుపల కోయాలి. ఆ ఉబ్బును కోస్తే గాయం మూసుకోదు. 1901లో ‘ది ట్రీ డాక్టర్’ రాసిన జాన్ డేవీ నాటి చెట్ల వైద్యులు మాన్ల డొల్లలను సిమెంటుతో నింపేవారు. అమెరికా అటవీ శాఖకు చెందిన అలెక్స్ షైగో వేలకొద్దీ మాన్లను చెయిన్ రంపంతో నిలువునా చీల్చి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదనీ చుట్టూ గోడ కట్టి వేరు చేస్తుందనీ 1970 దశకంలో నిరూపించాక సిమెంటు పద్ధతి వెనుకబడింది.

తెలుగు నేలలో మానుకు వైద్యం చేసిన పెద్ద ఉదాహరణలు మర్రులవే. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. అక్కడ వేలాడే లేత ఊడలను మట్టి నింపిన వెదురు గొట్టాల ద్వారా నేలకు దించుతారు, బరువు కొమ్మలకు ఊతాలు పెడతారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో 2017 చివర చెదలు తిన్న కొమ్మ కూలినప్పుడు, క్లోరిపైరిఫాస్ కలిపిన ద్రావణాన్ని సెలైన్ సీసాలతో చుక్కలు చుక్కలుగా ఎక్కించి, కొమ్మల కింద కాంక్రీటు స్తంభాలు కట్టారు.

బాగేపల్లి మీదుగా పోయే హైదరాబాదు రహదారి, పాత 7వ నంబరు, ఇప్పటి 44, నాలుగు వరసలైనప్పుడు రోడ్డు పక్క పాత మాన్లు పోయాయి. అక్కడ క్రేన్లు, జేసీబీలు పనిచేశాయి. 2017లో ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించాక తోటలను తీసేసే పనికీ ఇవే వచ్చాయి. కోసి వదిలితే మళ్ళీ చిగురించే మొద్దును జేసీబీ వేరుతో సహా పెకలిస్తుంది. కరెంటు తీగల కింది కొమ్మల పని విద్యుత్ సంస్థ బెస్కాం లైన్‌మెన్లది. వానలకు ముందు లైన్ క్లియర్ (ఎల్.సి.) తీసుకుని, తీగలో కరెంటు ఆపి, వెదురుగడకు కట్టిన కొడవలితో వాళ్ళు కొమ్మలు తప్పిస్తారు. రోడ్డు పక్క మానును మొదలంటా కొట్టాలంటే మాత్రం ఇప్పటికీ వృక్షాధికారి అనుమతి ఉండాల్సిందే.