తార్నాక పాఠం, దిల్‌సుఖ్‌నగర్ పాఠం

హైదరాబాద్‌లో తార్నాక నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు పది కిలోమీటర్లు కూడా ఉండదు. అంబర్‌పేట మీదుగా వచ్చి మూసారాంబాగ్ వంతెన దగ్గర మూసీ దాటితే చాలు. తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ ఎలా నేర్పాలన్న ప్రశ్న ఏళ్ళ తరబడి ఈ రెండు చోట్లా నలుగుతూనే ఉంది. తార్నాకలో అది పరిశోధన, దిల్‌సుఖ్‌నగర్‌లో బతుకుతెరువు. నేను తార్నాకలో టీచర్ల సర్టిఫికెట్ కోర్సు చదివి, సరూర్‌నగర్‌లో కాపురం ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్ బ్యాచ్‌లకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పినదాన్ని. రెండు చోట్ల ఉప్పూ తిన్నాను కాబట్టి రెండిటి గురించీ చెప్పే చనువు నాకుంది.

నేను చదివిన సంస్థను 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో పెట్టారు. బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ సాయం చేశాయి. తొలి రోజుల్లో దాన్ని నడిపించినవారు కన్నడ కవి వి.కె. గోకాక్. ఇంగ్లిష్ బోధనకు పెట్టిన సంస్థ పగ్గాలు సొంత భాషలో అంతటి కవి చేతిలో ఉండటం నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది. 1972లో ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషలు చేరి అది సీఫెల్ అయింది. 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మా తరానికి మాత్రం సీఫెల్ అనే అలవాటు.

అంతకు ముందు బడుల్లో ఇంగ్లిష్ అంటే వ్యాకరణం, అనువాదం. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు 1930లలో వచ్చింది. దేశంలో ఉన్న బ్రిటిష్ అధికారుల పిల్లల కోసం రాసిన ఆ పుస్తకాన్ని, ఇంట్లో ఇంగ్లిష్ ముక్క వినపడని పిల్లల చేత మనం వల్లె వేయించాం. స్వాతంత్ర్యం వచ్చాక గాలి మారింది. ఢాకాలో టీచర్లకు శిక్షణ ఇచ్చిన మైకేల్ వెస్ట్, వాడుకలో ఎక్కువగా వచ్చే మాటలు ముందు నేర్పాలని ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆ ఆలోచన వాక్య నిర్మాణాలకూ పాకింది. 1950లలో మద్రాసు రాష్ట్రంలో మొదలైన స్ట్రక్చరల్ పద్ధతి మన బడులకూ వచ్చింది. సులువైన వాక్యం ముందు, కష్టమైనది తర్వాత. టీచరు పుస్తకం పైకెత్తి 'దిస్ ఈజ్ ఎ బుక్' అంటే తరగతి మొత్తం అందుకోవాలి. మధ్యలో తెలుగు రాకూడదు.

ఈ పద్ధతిని నేను తీసిపారేయను. తనకే ఇంగ్లిష్ సరిగా రాని పల్లెటూరి టీచరుకు అది ఒక మెట్ల వరుస ఇచ్చింది. రేపు ఏం చెప్పాలో ఈ రోజే తెలిసేది. కానీ అందరితో కలిసి గట్టిగా అన్న పిల్లవాడు ఒంటరిగా నోరు విప్పలేకపోయాడు. తెలుగును గుమ్మం బయట ఆపడంతో, అర్థం కాలేదని చెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది.

సీఫెల్‌లో నన్ను మార్చింది ఫొనెటిక్స్ పాఠం. ఆ విభాగంలో పనిచేసిన ఆర్.కె. బన్సల్, మన ఇంగ్లిష్ బయటివాళ్ళకు ఎంతవరకు అర్థమవుతుందో కొలిచి చూసిన మనిషి. ఆయన పరిశోధన 1969లో పుస్తకంగా వచ్చింది. మాట అర్థం కాకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఒత్తు తప్పడమేనని ఆయన తేల్చారు. మన తెలుగులో మాటలోని అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం మీదే బరువు పడి, మిగతావి నలిగిపోతాయి. డెవలప్‌మెంట్‌లో 'డె' మీద కాదు, 'వె' మీద పడాలి. దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో బల్ల మీద వేళ్ళతో తాళం వేసి ఇది నేర్పేదాన్ని. బన్సల్ పేరు ఎవరికీ తెలియకపోయినా ఆయన పాఠం అక్కడ బాగా పనిచేసింది.

ఆ తర్వాత దక్షిణాదిలో మరో పెద్ద ప్రయోగం జరిగింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో వ్యాకరణం చెప్పకుండానే ఇంగ్లిష్ నేర్పి చూశారు. పిల్లలకు రైలు టైంటేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనేవారు. మ్యాపు ఇచ్చి దారి అడిగేవారు. ముందు అలాంటి లెక్కే టీచరు పైకి మాట్లాడుతూ తరగతితో చేయించాలి, తర్వాత పిల్లలు సొంతంగా చేయాలి. మనసు లెక్క మీద ఉంటే భాష దానంతట అదే వంటబడుతుందని ఆయన నమ్మకం. 1987లో ఆయన ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. ప్రపంచమంతా ఇప్పుడు టాస్క్ పద్ధతి అంటున్నదానికి ఒక పెద్ద వేరు మన దక్షిణాది మామూలు బడుల్లో ఉంది. ఇది మన టీచర్లందరికీ తెలియాలి.

ఇక దిల్‌సుఖ్‌నగర్. 1626లో తవ్వించిన సరూర్‌నగర్ చెరువు, నిజాం కాలపు విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం తప్ప పెద్ద గుర్తులు లేని శివారు ప్రాంతం ఇంత పెద్ద కోచింగ్ అడ్డా ఎలా అయింది? జవాబు రోడ్లలో ఉంది. విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు ఎల్.బి.నగర్ దగ్గర కలిసి ఇటు వస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, దేవరకొండ పిల్లలు బస్సు దిగే చోటు దిల్‌సుఖ్‌నగర్. దిగినచోటే హాస్టళ్ళు, హాస్టళ్ళ పక్కనే డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు, కంప్యూటర్ కోచింగులు వచ్చాయి. 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఆ వెనకే కాల్ సెంటర్లు పెరిగాయి. ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగొచ్చిన పిల్లలు స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డుల వైపు చూశారు. దోమలగూడ రామకృష్ణ మఠంలో 1979లో మొదలైన భాషల సంస్థలో సీటు దొరికినవాళ్ళు అటు వెళ్ళేవారు. దొరకనివాళ్ళు, అంత దూరం పోలేనివాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు.

పొద్దున ఆరుకే మొదటి బ్యాచ్. ముందు డెమో క్లాసు, తర్వాత జిరాక్స్ నోట్సు. వచ్చేవాళ్ళు ఎక్కువమంది తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్ళు. పన్నెండు టెన్సులూ గడగడా అప్పజెప్పేవారు. పేరు, ఊరు దాటి మూడో వాక్యం అడిగితే చెమటలు పట్టేవి. ఆ గదుల్లో టీచర్లు, ఏ పుస్తకమూ చెప్పకుండానే, తెలుగును లోపలికి రానిచ్చారు. 'నేను నిన్ననే వెళ్ళాల్సింది' అని తెలుగులో అనేవారు. పిల్లలు తడుముకుని, ఒకరి మాట ఒకరు సరిచేసుకుని 'ఐ షుడ్ హావ్ గాన్ ఎస్టర్‌డే' దాకా వచ్చేవారు. మనకు క్రియ చివర, వాళ్ళకు మధ్యలో ఎందుకో ఆ కాసేపట్లోనే అర్థమయ్యేది. పాత అనువాద పాఠంలో పుస్తకం వాక్యం ఇచ్చేది. ఇక్కడ చెప్పాలనుకున్న మాట పిల్లవాడిది. నేను దానికి ప్రభు గారి పద్ధతి కలిపి, రైళ్ళ బదులు సూర్యాపేట, మిర్యాలగూడ బస్సుల టైములు ఇచ్చేదాన్ని. ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా ఏ బస్సు ఎక్కాలో వాదించుకునేవారు.

నలభై అయిదు రోజుల్లో ఇంగ్లిష్ వచ్చేస్తుందన్న బోర్డులు అబద్ధం. ఫీజు కట్టించుకుని చేతులు దులుపుకున్న చోట్లూ ఉన్నాయి. అయినా తెలుగు తెలిసినవాడు తెలుగు సాయంతోనే ఇంగ్లిష్ నేర్చుకుంటాడన్న సంగతిని ఆ గదులు ముందే పట్టుకున్నాయి. పరిశోధన కూడా అక్కడికే చేరింది. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కోసం ఇంగ్లిష్ బోధన మీద వేసిన బృందానికి సీఫెల్ ఆచార్యులు ఆర్. అమృతవల్లి అధ్యక్షత వహించారు. పిల్లల ఇంటి భాషలను అడ్డంకిగా కాక ఆసరాగా తీసుకోవాలన్నది ఆ పత్రం వైఖరి.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిటా ఇంగ్లిష్ మీడియం అమలు మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు అచ్చయ్యాయి. మంచి పని. కానీ తెలుగు మాట్లాడితే జరిమానా వేసే ప్రైవేటు బడులు మా సందుల్లో ఇంకా ఉన్నాయి. బిడ్డను చేర్పించే ముందు అమ్మానాన్నలు ఆ ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి. జరిమానా ఉందంటే, ఆ బడికి ఇంగ్లిష్ నేర్పడం తెలియదని అర్థం. మరో బడి చూసుకోండి.