తోకలేని ఎలుక బరువెంత?

మనవాళ్లు గిన్నె కొన్నా, మిక్సీ కొన్నా ముందు చేత్తో ఎత్తి చూస్తారు. బరువుంటే గట్టి సరుకు, తేలిగ్గా ఉంటే డొల్ల. మౌసు తయారుచేసేవాళ్లు కూడా చాలాకాలం ఇదే నమ్మారు (లేదా మనం నమ్ముతామని నమ్మారు :)). వైర్‌లెస్ గేమింగ్ మౌసు చరిత్ర, నా లెక్కలో, ఆ నమ్మకం వదిలిన కథే.

1964లో ఎంగెల్‌బార్ట్ ఊహకి బిల్ ఇంగ్లిష్ చేసిపెట్టిన మొట్టమొదటి మౌసు ఒక చెక్క డబ్బా. 1991లో లాజిటెక్ రేడియోతో నడిచే కార్డ్‌లెస్ మౌస్‌మ్యాన్‌తో తోక కోసేసింది. తోక పోయింది సరే, కడుపులో బ్యాటరీ వచ్చి కూర్చుంది. ఆఫీసు పనికి పర్లేదు. ఆటలో మాత్రం నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తి పక్కన పెట్టాలో! ఆ బరువంతా మోసేది మణికట్టే.

2005 తమాషా చూడండి. లాజిటెక్ జీ7 వైర్‌లెస్ గేమింగ్ మౌసుకి రెండు బ్యాటరీలు ఇచ్చారు, ఒకటి అయిపోతే రెండోది మార్చుకోవడానికి. అదే ఏడాది వచ్చిన దాని వైరు తమ్ముడు జీ5కి బ్యాటరీ బరువు లేదు కదా, అందుకని లోపల పెట్టుకోమని 36 గ్రాముల దాకా తూకపు బిళ్లలు ఇచ్చారు! డబ్బులిచ్చి మరీ బరువు కొనుక్కున్నాం.

తర్వాత గాలి మళ్లింది. 2016లో జీ900 107 గ్రాములు. 2018లో జీ ప్రో వైర్‌లెస్ 80. 2020లో సూపర్‌లైట్ 63 కన్నా తక్కువ. మధ్యలో 2019లో గ్లోరియస్ మోడల్ ఓ లాంటివి ఒంటినిండా తేనెపట్టులా చిల్లులు పెట్టుకుని వచ్చాయి. లాజిటెక్ చిల్లుల జోలికి పోకుండా పెంకు పల్చన చేసింది. సెన్సరు కరెంటు తక్కువ తాగడం మొదలెట్టాక చిన్న బ్యాటరీ సరిపోయింది. అసలు కిటుకు అక్కడుంది.

ఇంతకీ బరువు చూడొద్దంటే ఇంకేం చూడాలి? రెండు పక్కలా వేళ్లతో నొక్కండి, కిర్రుమంటుందా? చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ఏమైనా గలగలలాడుతోందా? బటన్లు అటూఇటూ కదులుతున్నాయా? పైన పూసిన మెత్తటి రబ్బరు పూత కొన్నాళ్లకి బంకబంకగా అవుతుంది, నాకైతే అది కనిపిస్తే చాలు, కొనబుద్ధి కాదు. మామూలు స్విచ్చుల్లో లోహపు రేకు అరిగితే ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడతాయి. ప్రొడక్షన్ సర్వర్ మీద "డిలీట్" నొక్కేటప్పుడు ఇది గేమర్ల సమస్య అనిపించదు మరి! 2019లో రేజర్ వైపర్‌లో వచ్చినట్టు కాంతితో పనిచేసే స్విచ్చులకి ఆ అరుగుడు బాధ లేదు.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. తేలిక చేసే క్రమంలో బ్యాటరీని లోపల పెట్టి మూసేశారు. పెంకు బాగుంటుంది, బటన్లు బాగుంటాయి, నాలుగైదేళ్లకి బ్యాటరీ నీరసిస్తుంది. అది మార్చాలంటే అడుగున అంటించిన జారుడు పట్టీలు పీకి, వాటి కింద దాచిన స్క్రూలు వెతుక్కోవాలి. 2018 నాటి జీ305 మామూలు ఏఏ సెల్లుతో కలిపి 99 గ్రాములు. నా ఓటు దానికే.