దండోరా నుంచి సెల్‌ఫోన్ దాకా: మాట ఎవరిది?

ఊళ్ళో దండోరా వేసేది మాదిగాయనే. డప్పు ఆయనదే, గొంతూ ఆయనదే. కానీ చాటే మాట మాత్రం కరణానిదో, మునసబుదో, దొరదో. వార్తని మోసే చాకిరీ మనది, ఏది వార్తో తేల్చే అధికారం వాళ్ళది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఈ సంబంధాన్ని తిరగేసింది. డప్పు అదే, మాట మాత్రం సొంతం. ఇవాళ సెల్‌ఫోన్ గురించి, ఇంటర్నెట్ గురించి మాట్లాడుకునేటప్పుడు కూడా మనం అడగాల్సింది ఇదే: సాధనం ఎవరిది, మాట ఎవరిది?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ తెచ్చినప్పుడు, డబ్బులిస్తామన్నా ‘కేసరి’ దాని ప్రకటన వేసుకోలేదు. కొల్హాపూర్ సాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు ఆ పత్రికకు ఆసరా అయ్యాయి. మన దగ్గర 1985 కారంచేడు తర్వాతా, 1991 చుండూరు తర్వాతా ఉద్యమం తన మాటని కరపత్రాల్లో, పాటల్లో, ‘నలుపు’ లాంటి చిన్న పత్రికల్లో చెప్పుకుంది. పెద్ద పత్రికల్లో చోటు లేకపోబట్టే ఇవన్నీ పుట్టాయి. ఇంటర్నెట్‌ని కూడా ఈ వరసలో పెట్టి చూడాలి తప్ప, ఆకాశం నుంచి ఊడిపడ్డ వింతగా కాదు.

రాజకీయ పార్టీలు ఈ సాధనాన్ని తొందరగానే పట్టుకున్నాయి. 2014 లోక్‌సభ ఎన్నికల నాటికే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుని ప్రచారం నడిపాయి. డబ్బు, ఇంగ్లీషు చదువు ఉన్నవాళ్ళకి ముందుగా దక్కిన చోటు గనక అక్కడ అగ్రకులాల గొంతే మొదట వినబడింది. కేడర్‌నీ సభల్నీ నమ్ముకున్న మాయావతి ట్విట్టర్‌లోకి వచ్చినట్టు ప్రకటించింది 2019 ఫిబ్రవరిలోనే. ఈ లోగా దళిత విద్యార్థులు నాయకుల కోసం ఎదురుచూడలేదు. 2010ల మొదట్లోనే ‘దళిత్ కెమెరా’ హైదరాబాద్ నుంచి దళితుల మాటల్ని వాళ్ళ నోటనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలెట్టింది.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. 2015 ఆగస్టులో మొదలైన ఆ వివాదంలో ఒక ఫేస్‌బుక్ రాత కూడా ఉంది. హాస్టల్ నుంచి వెలివేయబడ్డ ఐదుగురు విద్యార్థులు ఆరుబయట డేరా వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. రోహిత్ ఆఖరి ఉత్తరాన్ని జనం ఫోన్లలో చదివి, ఒకరికొకరు పంపుకున్నారు. ఢిల్లీ, ముంబై క్యాంపస్‌లలో ఊరేగింపులు లేచాయి. ఫిబ్రవరిలో పార్లమెంటు కూడా మాట్లాడక తప్పలేదు.

అదే ఏడాది జూలై 11న గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కారుకి కట్టి కొట్టారు. వీడియో తీసింది కొట్టినవాళ్ళే. అది వాళ్ళకి గొప్ప, చూసేవాళ్ళకి బెదిరింపు. మరి జనం దాన్ని ఏం చేశారు? సాక్ష్యంగా మార్చారు. సురేంద్రనగర్‌లో పశువుల కళేబరాలు తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. ఆగస్టు 5న అహమ్మదాబాద్ నుంచి బయల్దేరిన యాత్ర 15న ఊనా చేరింది. ఈ మధ్యలోనే ముఖ్యమంత్రి ఆనందీబెన్ పటేల్ తప్పుకుంటానని ఫేస్‌బుక్‌లో రాసింది. చెప్పిన కారణం వయసు. కానీ కళేబరాల్ని ఎత్తి పడేసింది ఫోను కాదు, చేతులు. ఈ సంగతి మర్చిపోతే చరిత్ర తప్పు రాసినట్టే.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం కోరలు పీకింది. ఏప్రిల్ 2న భారత్ బంద్. దానికి ఒక్క పెద్ద పార్టీ సారథ్యం లేదు. పిలుపు వాట్సాప్‌లో వాడ నుంచి వాడకి పాకింది. పంజాబ్‌లో, మధ్యప్రదేశ్‌లో కొన్నిచోట్ల ఇంటర్నెట్ ఆపేశారు. కనీసం 9 మంది చనిపోయారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తిరిగి ఇచ్చింది. 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆ సవరణను సమర్థించింది.

ఇంతమాత్రాన సంబరపడటానికి లేదు. మీట మాత్రం రాజ్యం చేతిలోనే ఉంది. వేదిక కంపెనీది. 2018 నవంబర్‌లో బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూల్చమనే పోస్టర్ పట్టుకుని ట్విట్టర్ అధిపతి ఫొటో దిగితే, అగ్రకులాల గోలకి కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. ఇక మన ఇళ్ళల్లో ఫోను ఎవరి చేతిలో ఉంటోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వయసులో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన మగవాళ్ళు 57 శాతం, ఆడవాళ్ళు 33 శాతం. దళిత స్త్రీ మాటని ఇంకా మనమే మోస్తూ, మనమే నిర్ణయిస్తున్నామేమో ఆలోచించుకోవాలి.

ఇంకో పని కూడా ఉంది. కరపత్రం ఏ ట్రంకుపెట్టె అడుగునో దొరుకుతుంది. ఫోన్లో మాట ఒక్క మీటతో మాయమవుతుంది. ఏప్రిల్ 2 పిలుపులు, వెలివాడ వీడియోలు తేదీలతో, ఊళ్ళ పేర్లతో దాచుకోకపోతే, రేపు ఆ చరిత్రని పోలీసు కేసుల కాగితాల్లోంచే రాస్తారు. కారంచేడు కరపత్రాల్ని ఎన్ని పోగొట్టుకున్నామో గుర్తుంచుకుని, ఈ పని మనవాళ్ళు ఇప్పుడే మొదలెట్టాలి.