చిర్రగోనె నుంచి కన్సోలు దాకా

చిర్రగోనె ఆటకు రెండు కర్రలు చాలు. రెండు కొసలూ మొనదేల్చిన జానెడు చిర్ర ఒకటి, చేతికి ఇమిడే పొడవాటి గోనె ఇంకొకటి. నేలలో చిన్న గుంట తీసి, చిర్రను దాని మీద అడ్డంగా పెట్టి గోనెతో ఎగజిమ్ముతారు. ఎదుటివాళ్లు దాన్ని గాలిలోనే పట్టుకుంటే ఆడేవాడు అవుట్. సంగారెడ్డి జిల్లాలోని కంగ్టి కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరి ఊరు కాబట్టి ఆ చుట్టుపక్కల ఈ ఒక్క ఆటకు చాలా పేర్లున్నాయి. తెలుగువాళ్లకు అది చిర్రగోనె, కన్నడిగులకు చిన్ని దాండు, మరాఠీవాళ్లకు విటీ దాండూ, ఉర్దూ మాట్లాడేవాళ్లకు గిల్లీ దండా.

ఇన్ని భాషలు ఒకచోట కలవడం వెనుక ఈ ప్రాంతపు చరిత్ర ఉంది. నిజాం కాలంలో కంగ్టి ఉన్న నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మెదక్ జిల్లాలోకి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా ఇళ్లలో మాట మారలేదు. తండాల్లో లంబాడీ, వీధుల్లో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినబడుతూనే ఉన్నాయి.

చిర్రగోనె ఆడే తెలుగు ఊళ్లకు వీడియో గేమ్ తొంభైలలో 'టీవీ గేమ్' పేరుతో వచ్చింది. జపాన్‌లో నింటెండో 1983లో విడుదల చేసిన ఫామికామ్ అనే గేమ్ యంత్రానికి ఆ పెట్టెలు చవక నకళ్లు. అసలు కంపెనీ ఇక్కడ దుకాణం తెరవకపోవడంతో పిల్లలకు నకలే అసలైంది. కార్ట్రిడ్జిని అందరూ క్యాసెట్ అనే పిలిచేవారు. బొమ్మ రాకపోతే దాన్ని బయటికి లాగి, అడుగున వరసగా ఉండే ఇత్తడి రంగు పళ్ల మీద గట్టిగా ఊది, మళ్లీ దిగ్గొట్టి, టీవీ చానల్ తిప్పుతూ కూర్చునేవారు. లక్షల ఆటలున్నాయని అట్ట మీద రాసి ఉన్నా లోపల తిరిగి తిరిగి వచ్చేవి మారియో, కాంట్రా, బాతుల వేట లాంటి కొన్నే. కొత్త ఆట రావడమంటే ఎవరో పట్నం నుంచి కొత్త క్యాసెట్ తేవడమే. 1985 నాటి మారియో పదేళ్ల తర్వాత చేతికందినా అది కొత్త ఆటే.

2009లో తెలుగు నేల కన్సోల్ ఆటలు ఆడే చోటు నుంచి వాటిని తయారుచేసే చోటుగా మారింది. ఆ ఏడాది హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. పూర్తిగా భారతదేశంలో రూపొందిన తొలి కన్సోల్ గేమ్ అదే. అదే ఏడాది మరో హైదరాబాదు సంస్థ గేమ్‌శాస్త్ర అదే ప్లేస్టేషన్ 2కు 'దేశీ అడ్డా'ను తెచ్చింది. అందులో కబడ్డీ, గాలిపటాలతో పాటు గిల్లీ దండా కూడా ఉంది. ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రంలోకి మన పొలాల గట్ల మీది ఆట చేరడం చిన్న సంగతి కాదు. దానికి దక్కవలసిన గుర్తింపు ఇంతవరకూ దక్కలేదు. 2017లో అదే నగరంలోని ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర' విడుదల చేసింది. చనిపోయిన ప్రతిసారీ శక్తుల అమరిక కొత్తగా మారే ఆట అది.

పల్లెల్లో అసలు మార్పు 2016 సెప్టెంబరులో జియో 4జీతో మొదలైంది, ఆట ఫోన్‌లోకి వచ్చింది. క్యాసెట్ కోసం చూసిన ఎదురుచూపు ఇప్పుడు తేదీ కోసం చూసే ఎదురుచూపైంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఫోన్ ఆట పబ్జీని నిషేధించిన రెండు రోజులకే 'ఫౌజీ' అనే స్వదేశీ ఆట ప్రకటన వచ్చింది. అది విడుదలైన 2021 జనవరి 26 దాకా కుర్రాళ్లు దాని కోసం రోజులు లెక్కపెట్టారు. పబ్జీ కూడా అదే ఏడాది జులైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది. ఈ తరాన్ని అన్నిటికన్నా ఎక్కువగా ఊరించింది 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' ఆరో భాగం. తొలి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, ఆపైన నవంబరు 19కి జరిపారు. ఒకప్పుడు పదేళ్ల పాత ఆటను కొత్తదనుకున్న ఊళ్లు ఇప్పుడు న్యూయార్క్‌తో సమానంగా ఒకే తేదీ కోసం కాచుకుంటున్నాయి.

భాషలో మాత్రం ఆ సమానత్వం లేదు. 2013లో వచ్చిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' ఐదో భాగాన్ని కొరియన్, జపనీస్, పోలిష్ భాషల్లో చదువుకుంటూ ఆడుకోవచ్చు, తెలుగులో ఆ వీలు లేదు. బయటి కంపెనీలు పట్టించుకునేదాకా ఆగనక్కరలేదు, దేశంలో తొలి కన్సోల్ గేమ్ చేసిన నగరం మనదే. ఆటలను తెలుగులోకి తెచ్చే పని హైదరాబాదు స్టూడియోలు చేపట్టాలి. వాళ్లు మళ్లీ గిల్లీ దండా ఆట చేస్తే, తెర మీద చిర్రను చిర్ర అనే రాయాలి.